స్మృతిశిలయా? సభామంటపమా?

గతించినవారిని స్మరించుటకు బ్రతికియున్నవారు ఏమి కట్టవలయును? ఈ ప్రశ్న పైకి శిల్పులకును మేస్త్రీలకును సంబంధించినదిగా కనబడును. రాయి, సిమెంటు, కొలతలు, ఖర్చు - ఇందులోని మాటలు ఇవియే యని తోచును. నేనును అట్లే తలచితిని. కాని మా గ్రామములో ఇట్టి కట్టడమును గూర్చి జరిగిన చర్చలలో కూర్చుండిన పిమ్మట ఇది ధర్మసంబంధమైన ప్రశ్న యనియు, అందును సులభముగా తేలునది కాదనియు నాకు బోధపడినది. మఠములయందును గ్రామములయందును ఇట్టి కార్యములను నిర్వహించు పెద్దలు పాఠకులలో పలువురు కలరు గనుక, వారును నాతోపాటు ఆలోచింతురను నమ్మకముతో ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మాది మంజీరా తీరమందలి చిన్న గ్రామము. 2021వ సంవత్సరము ఏప్రిల్, మే మాసములలో కరోనా రెండవమారు విజృంభించినపుడు మా ఊరిలో పదునలుగురు మరణించిరి. ఆ మే 12వ తేదీనుండి మన రాష్ట్రమున లాక్‌డౌను విధింపబడినది. వివాహమునకు నలువదిమందికి, అంత్యక్రియలకు ఇరువదిమందికి మించి కూడరాదని నిబంధన. మా ఊరిలో ఆ ఇరువదిమందియు రాలేదు. నిబంధనకంటె భయము బలమైనది. మనవారిలో శివైక్యము చెందినవారిని కూర్చుండబెట్టి, విమానము కట్టి, భజన చేయుచు ఊరంతయు వెంట నడువగా గొనిపోవుట ఆచారము. ఆ పదునలుగురిలో మనవారును కలరు, ఇతరులును కలరు. ఎవరి ఆచారమును ఎవరికిని జరుగలేదు. ఇరువదిరెండేండ్లు నాతో ఒకే బడిలో పనిచేసిన లెక్కల ఉపాధ్యాయుని నలుగురు యువకులు ట్రాక్టరుపై తీసికొనిపోయిరి. నేను మా వాకిట నిలుచుండి చూచితిని. వెంట నడువలేదు. ఈ మాట వ్రాయుటకు సిగ్గుగానే యున్నది. వ్రాయకున్నచో తక్కిన మాటలకు విలువ యుండదు.

రెండేండ్లు గడచి ఊరు తేరుకొనిన తరువాత ఆ పదునలుగురి పేర ఏదేని కట్టవలయునని పెద్దలు సంకల్పించిరి. బడికిని చెరువునకును నడుమ పది గుంటల స్థలమును చూపిరి. అచ్చట నొక ముదుసలి వేపచెట్టు కలదు. ఇక ఏమి కట్టవలె ననునప్పటికి రెండు పక్షము లేర్పడినవి. నల్లరాతిపై పేర్లు చెక్కించి, చుట్టును ఇనుపగొలుసు కట్టి, ఏటికొకమారు పూలమాల వేయుదమని కొందరు. ఊరిలో పెండ్లికి గాని, సభకు గాని, పదిమంది కూర్చుండి మాటలాడుకొనుటకు గాని నీడ లేదు గనుక వారి పేర నొక మంటపము కట్టుదమని మరికొందరు. నేను రెండవ పక్షమువాడను.

నా వాదము మన పాఠకులకు కొత్తది కాదు. స్థావర జంగమముల భేదమును బసవేశ్వరుని వలన నేర్చినవారము మనము. రాతిని నిలిపి గొలుసు కట్టుట స్థావరమును నమ్ముకొనుట యనియు, నడిచివచ్చి కూర్చుండి మాటలాడుకొను మనుష్యుల కూడికయే జంగమ మనియు, గతించినవారు పదిమంది కూడిక లేకయే వెడలిపోయిరి గనుక ఆ కూడికనే వారికి సమర్పింపవలయు ననియు నేను ప్రసంగించితిని. బాగుగనే ప్రసంగించితి ననుకొంటిని. పండితశిక్షణము పొందినవానికి ఇట్టి సందర్భములలో మాటలకు కొదువ యుండదు. వానికి గల ఆపదయు అదియే.

అప్పుడు సభ చివర కూర్చుండిన ఒక వృద్ధురాలు లేచినది. ముప్పది నాలుగేండ్ల ఆమె కుమారుడు ఆ మే నెలలోనే పోయినాడు. ఆమె అడిగినది ఒక్క మాట: "పంతులూ, నా కొడుకు పేరు రాసిన కాడ బాజాలు మోగుతుంటె నేను యాడ కూసోవాలె?"

నాకు ప్రత్యుత్తరము తోచలేదు. నేను తడబడుచుండగనే భర్తను పోగొట్టుకొనిన మరియొక స్త్రీ ఆమెవంక తిరిగి యన్నది: "అత్తా, నా బిడ్డ పెండ్లి వాళ్ల నాయిన పేరు ముంగట్నే చేస్తనని మొక్కుకున్న. గొలుసు కడితె నేనెట్ల చెయ్యాలె?"

ఇద్దరును దుఃఖితులే. ఇద్దరును మృతులయెడ ప్రేమచేతనే మాటలాడిరి. అయినను ఒకరి కోరిక నెరవేరినచో రెండవవారి మనసు నొచ్చును. స్థావర జంగమములని నేను చేసిన విభాగములో ఈ ఇద్దరిలో ఎవరిని ఎచ్చట నిలుపవలయును? వృద్ధురాలు కోరినది రాయి కాదు, తాను కూర్చుండుటకు చోటు. నేను కూర్చుండుటను గూర్చియే గంటసేపు చెప్పి, ఆమె ఎచ్చట కూర్చుండునో ఆలోచింపనైతిని.

స్మారకస్థలమును నిత్యవ్యవహారమునకు ఉపయోగించుట అపచారమా? ఈ ప్రశ్నకు మన మఠములలోనే ఒక సమాధానము కలదని నాకు తరువాత స్ఫురించినది. గద్దుగె యనగా నేమి? శివైక్యము చెందిన స్వామివారి సమాధి. దాసోహ మనగా నేమి? ఆకలిగొన్నవారందరి కూడిక. మన మఠములలో పెక్కింట ఈ రెండును ఒకే ప్రాంగణములో నుండును. తుమకూరు సిద్ధగంగా మఠమును చూచినవారికి దీనిని వివరింప నక్కరలేదు. శ్రీ శివకుమార స్వామివారు 2019 జనవరి 21వ తేదీన, 111 ఏండ్ల వయసున లింగైక్యమైరి. వారి గద్దుగె యచ్చటనే యున్నది. వేలకొలది విద్యార్థులు ఆ మఠములోనే తినుచు, చదువుచు, అల్లరియు చేయుచుందురు. పిల్లల కేకలు గద్దుగెకు అపచారమని ఎవరును అనరు. ఆ పిల్లలే లేకున్నచో గద్దుగెకు అర్థము సగము పోవును. అయినను భోజనపు పంక్తిని గద్దుగె ముందర ఎవరును వేయరు. ప్రాంగణము ఒకటియే, చోట్లు వేరు. ఎంతో కాలమునుండి మన కళ్లెదుట నున్న ఈ యేర్పాటును నేను ఏర్పాటుగా ఎన్నడును గుర్తింపలేదు.

మా చర్చలో యువకు డొకడు హైదరాబాదు రవీంద్రభారతిని ఉదాహరించెను. అదియును స్మారకమే గదా. రవీంద్రనాథ ఠాకూరు శతజయంతి సందర్భమున 1961లో దేశమంతట ఆయన పేర నాట్యశాలలు, సభామందిరములు వెలసినవి; మన రవీంద్రభారతి వానిలో నొకటి. ఆరు దశాబ్దములుగా అందులో నాటకములు, నృత్యములు, సన్మానములు జరుగుచున్నవి. కాని అచ్చటికి పోవువారిలో "ఇది ఠాకూరు స్మారకము" అని తలచువారెందరు? నేనే పలుమారులు పోయితిని, ఒక్కమారైనను తలపలేదు. మహాకవికి ఇందువలన లోటు లేదు. ఆయన పాటలు ఆయన గ్రంథములలో నున్నవి. నాటకము చూచి ఆనందించినవాడు తన్ను తలపకున్నను ఆయన సంతోషించియే యుండును. కాని మా ఊరి పదునలుగురికి గ్రంథములు లేవు. అందులో నొకామె కూలిపని చేసికొని బ్రతికినది, సంతకము చేయనేరదు. ఆమె పేరు ఈ ఊరిలో తప్ప వేరెచ్చటను లేదు. ఆమె పేర మంటపము కట్టి, అందు పెండ్లిభోజనములు పెట్టుచు, ఇరువది యేండ్లలో ఆమెను మరచినచో అది స్మారకమగునా, ఆమె పేరు చెప్పి మనకు కావలసినది కట్టుకొనుట యగునా? గొలుసు కట్టుదమన్నవారి భయము ఇదియే. నేను దానిని చులకన చేసితిని.

కావున ప్రశ్న మారినది. రాయియా, మంటపమా యనుట కాదు. వచ్చి కూర్చుండినవాడు తాను ఎవరి నీడన కూర్చున్నాడో ఎరుగునట్లు ఎట్లు కట్టవలయును?

దీనికి నేను చదివినంతలో హిరోషిమా నగరపు శాంతిస్మారక వనముకంటె మేలైన పాఠము దొరకలేదు. 1945వ సంవత్సరము ఆగష్టు 6వ తేదీ ఉదయము 8 గంటల 15 నిమిషములకు ఆ నగరముపై అణుబాంబు పడినది. ఆ సంవత్సరాంతమునకు మరణించినవారు సుమారు 1,40,000 మంది యని అంచనా. రెండు నదీపాయల నడుమ నకజిమా యను పేట యుండెడిది. ఇండ్లు, అంగళ్లు కిక్కిరిసిన చోటు. అది యంతయు నశించినది. ఆ స్థలమునే స్మారకవనముగా చేయ నిశ్చయించి 1949లో నమూనాలకు పోటీ పెట్టిరి. నలువదేండ్లైనను నిండని కెంజో టాంగె యను వాస్తుశిల్పి నమూనా ఎన్నికైనది.

ఆయన చేసిన పనిని కొంచెము వివరముగా చెప్పుట అవసరము. వనమునకు దక్షిణమున నూరు మీటర్ల వెడల్పుగల రాజవీథి. అచ్చటినుండి ఉత్తరముగా ఒక సరళరేఖ గీచినట్లు భావింపుడు. మొదట ప్రదర్శనశాల వచ్చును, 1955లో తెరవబడినది. దానిని నేలపై గాక స్తంభములపై ఎత్తి కట్టిరి గనుక మనుష్యుల చూపు దాని క్రిందుగా సాగిపోవును. తరువాత విశాలమైన బయలు, వేలమంది కూడుటకు తగినది. ఆ బయలు చివర 1952లో నిర్మించిన చిన్న కాంక్రీటు కమాను. ప్రాచీన కాలపు జపానువారు మట్టితో చేసిన ఇండ్ల బొమ్మల పైకప్పును అది పోలియుండును. మృతుల ఆత్మలకు వాన తగులకుండ నీడ యని దాని భావము. కమాను క్రింద రాతిపెట్టె, అందులో మృతుల పేర్ల పట్టికలు. ప్రతి సంవత్సరము కొత్తపేర్లు చేర్చుచుందురు. ఇప్పటికి మూడు లక్షల నలువది వేలు దాటినవి. ఆ కమానులోనుండి చూచినచో, నదికి ఆవలి యొడ్డున, బాంబు దెబ్బకు అస్థిపంజరమువలె మిగిలిన గుమ్మటము సరిగా నడుమ కనబడును.

ఆ బయలులో "నిశ్శబ్దము" అని పలక పెట్టి జనమును అదలింప నక్కరలేదు. చెట్లక్రింద బల్లలు కలవు. బడిపిల్లలు గుంపులుగా వత్తురు. పెద్దలు కూర్చుండి కాలము గడుపుదురు. ఆగష్టు 6న వేలమంది కూడి 8.15కు ఒక నిమిషము మౌనము వహింతురు. సాయంకాలము నదిలో కాగితపు దీపములు విడుతురు. ఎవరు ఏ పనిమీద వచ్చినను, కట్టడము వారి కన్నులను ఆ రేఖవెంట నడిపించును. వనములోనే మరియొక చోట గడ్డి మొలచిన దిబ్బ యొకటి కలదు. గుర్తు తెలియని సుమారు 70,000 మంది చితాభస్మము దాని క్రింద నున్నది. అచ్చట మైదానపు సందడి యుండదు. ఒకే వనములో ఇద్దరు దుఃఖితులకు రెండు చోట్లు. మా ఊరి వృద్ధురాలిని నేను ఆ దిబ్బ దగ్గర ఊహించుకొంటిని.

అంతయు సుఖముగా జరిగినదని తలపరాదు. ఆ గుమ్మటమును చూచినప్పుడెల్ల ఆ దినము జ్ఞప్తికి వచ్చుచున్నది, పడగొట్టుడని కోరిన బాధితులును ఉండిరి. ఏండ్ల తరబడి వాదము సాగి, 1966లో నగరసభ దానిని నిలుపుటకు తీర్మానించెను. 1996లో అది ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేరినది. నిలుపుటయే మంచిదైనదని నేడు మన మందుము. కాని పడగొట్టుమన్నవారు అజ్ఞానులు కారు. వారి నొప్పిమీదనే మనము ఈ మంచిని సంపాదించితిమి.

దీనికంటె కష్టమైన సంగతి మరొకటి కలదు. ఆ బాంబుకు చనిపోయినవారిలో వేలకొలది కొరియావారును కలరు. అప్పటికి కొరియా జపానుపాలనలో నుండెను. బలవంతముగా పనికి తేబడినవారును వారిలో నుండిరి. వారికొరకు 1970లో స్మారకమును నిలిపినపుడు అది వనము వెలుపల, నది కావలి ప్రక్కన నిలిచినది. వనములోపలికి వచ్చునప్పటికి 1999వ సంవత్సర మైనది. శాంతికొరకు కట్టిన వనములోనే, బాంబు ఎవరిని భేదింపకున్నను, మనుష్యులు ఇరువది తొమ్మిదేండ్లు భేదించిరి. కూడికకొరకు కట్టితిమని చెప్పుట సులభము. ఆ కూడికకు పొలిమేర ఎచ్చట గీచితిమో చూచినచో మన యథార్థము బయటపడును.

ఈ విషయమున పాఠము చెప్పవలసినవారము మనమే గదా. అనుభవ మంటపమును మనము తలచునది దాని స్తంభముల సంఖ్యకొరకు కాదు. అల్లమప్రభువు శూన్యసింహాసనమున నుండగా, బట్టలుతుకు మాచయ్యయు, పడవ నడుపు చౌడయ్యయు, అక్కమహాదేవియు అచ్చట కూర్చుండి మాటలాడిరి. మాటలాడినవారి మాట వినబడినది. ఆ కూర్చుండుటయే నేటికిని నిలిచియున్నది. ఇట్టి వారసత్వము గల మనము మా ఊరి సభలో ఏమి చేసితిమి? పేర్ల వరుస ఎట్లుండవలె నన్న మాట రాగానే, మునుపు పదవిలో నున్న పెద్దమనిషి పేరు మొదట నుండవలెనని ప్రతిపాదన వచ్చినది. చెప్పుటకు విచారముగా నున్నది, ఆ ప్రతిపాదన తెచ్చినవారు మనవారే.

అప్పుడు నేను అమెరికా రాజధాని వాషింగ్టనులో 1982లో వెలసిన వియత్నాం యుద్ధ స్మారకమును గూర్చి చెప్పితిని. 1981లో ఆ నమూనా ఎన్నికైనపుడు దానిని గీచిన మాయా లిన్ ఇరువదియొక్క యేండ్ల విద్యార్థిని. నేలలోనికి ఒదిగిన నల్లరాతి గోడ. దానిపై 58,000కు మించిన పేర్లు. సేనాపతి యని, సిపాయి యని హోదాలు లేవు. ఏ దినమున ఎవరు పడిపోయిరో ఆ తేదీల వరుసయే పేర్ల వరుస. రాతిలో చూచువాని ముఖమును కనబడును. జనులు దగ్గరకు పోయి చేతితో పేరును తడవుదురు. మేమును తేదీల వరుసనే తీసికొంటిమి. ఆ వరుసలో మొదటిపేరు ఆ కూలిపని చేసికొనిన తల్లిది. ఇద్దరు ముగ్గురు అలిగి లేచిపోయి, మరునాడు తిరిగివచ్చిరి.

దాతల పేర్ల సంగతి మాత్రము ఇంకను తెగలేదు. మన ప్రాంతమున ఈ జాడ్యము పాఠకులెరిగినదే. మెట్టు కట్టించినవాడు మెట్టుపైన, గంట ఇచ్చినవాడు గంటపైన పేరు వ్రాయించుకొనును. పంకా ఇచ్చినవాని పేరు పంకా రెక్కలమీద నుండును. కరెంటు పోయినపుడు తప్ప చదువ వీలుగాదు. మృతుల పేర్లకంటె దాతల పేర్లు పెద్ద అక్షరములలో నుండరాదని నేను, అసలు పేరు వేయమన్నచో విరాళము రాదని కోశాధికారి. ఆయన మాటలో లోకజ్ఞానము కలదు. లెక్కల పుస్తకములో దాతల పట్టికను వ్రాసి బడిలో నుంచుదమని ఒక మధ్యమార్గము చెప్పితిని. ఆలోచింతుమనిరి.

తుదకు కుదిరిన నమూనా ఇది. తూర్పున మంటపము, పొడవు అరువది యడుగులు, వెడల్పు నలువది. నాలుగు ప్రక్కల గోడలు లేవు గనుక తలుపు లేదు, తాళము లేదు, తాళపుచెవి ఎవరి యింట నుండవలె నన్న తగవును లేదు. అద్దె లేదు, దీపపు ఖర్చు మాత్రమే. ఏ కులమువారి కార్యమైనను జరుపుకొనవచ్చును. పేర్లు మంటపములో లేవు. పడమట, వేపచెట్టు చుట్టు గుండ్రని రాతి అరుగు. అరుగునకు లోపలి ప్రక్క, చెట్టువైపు, పొట్టిగోడపైన పేర్లు. మంటపములో ఎవరు కూర్చున్నను ఎదుట ఆ చెట్టు కనబడునట్లు మంటపమును త్రిప్పితిమి. పెండ్లి చేయువారు మొదట అరుగు దగ్గరకు వచ్చి పదునాలుగు పేర్లు చదివి అక్షతలుంచి పోవలెననియు, బాజాలు మంటపపు మెట్టు దాటి చెట్టువైపు రారాదనియు ఏర్పాటు.

ఇది సంపూర్ణమైన పరిష్కారమని నేను చెప్పను. ధ్వని మెట్టు దగ్గర ఆగదు. నలువది గజముల దూరమున బాజా మోగినచో చెట్టు క్రింద వినబడియే తీరును. ఈ మాట ఆ వృద్ధురాలితో దాచకుండ చెప్పితిని. ఆమె కొంతసేపు ఊరకుండి, "సూద్దాం తియ్ పంతులూ" అన్నది. ఒప్పుకొనినదో, విసిగినదో నాకు తెలియలేదు.

మొన్న అరుగు పూర్తియైన పిమ్మట రాతిపనివాడు వచ్చి, పేర్లు ఎంత యెత్తున చెక్కవలెనని అడిగెను. నిలుచున్నవారికి కనబడు నెత్తున నుండవలెనని ఒకరు, ఫొటోలో పడునట్లుండవలెనని మరొకరు. ఆమె అచ్చటనే యున్నది. ఎవరును పిలువకుండగనే వచ్చి అరుగుపైన కూర్చుండి, గోడవైపు చేయి చాపి, రాతిపైన అరచేయి ఆనించినది. పనివాడు బొగ్గుముక్క తీసి ఆమె వ్రేళ్ల దగ్గర గీత గీచినాడు.